కుట్టులేని బట్ట

కుట్టుగది నుంచి,
శనివారం.

చెల్లెమ్మకు,

నీకు ఫోన్లో మాట సరిగా వినపడదని మీ అక్క ఎప్పుడూ చెప్పేది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. మీ అబ్బాయికి పంపిన సందేశం నాలుగు ముక్కల్లో ముగించేశాను. నాలుగు ముక్కల్లో చెప్పి ఊరుకునే మనిషా ఆవిడ?

నేనెవరో గుర్తుందో లేదో. మీ అబ్బాయి పెళ్ళిలో మీ అక్క పక్కన కూర్చుని, వచ్చినవాళ్ళందరి జాకెట్లకూ వంకలు పెట్టిన లావుపాటి మనిషిని నేనే. ఈ వీధిలో మీ అక్కను కత్తెరమ్మ అంటారు, నన్ను కుట్టమ్మ అంటారు. ఆవిడ కత్తిరించేది, నేను కుట్టేదాన్ని. ఇరవై ఏళ్ళు దాటింది, ఒకే గది, ఒకే ఫ్యాను. ఆవిడ బట్ట మీద సుద్దతో గీత గీస్తే దాన్ని దాటే ధైర్యం నాకు ఎన్నడూ లేకపోయింది.

అసలు మాట ముందు చెప్పేస్తాను. మంగళవారం తెల్లవారేసరికి మీ అక్క నిద్రలోనే పోయింది. "అమ్మను తీసుకుని రైలెక్కాను, రేపు సాయంత్రానికి చేరతాం, అప్పటిదాకా ఆపండి" అని మీ అబ్బాయి పెట్టిన సందేశం నాకు వేళకే అందింది. చదివాను. ఆపలేదు. ఆ రోజు సాయంత్రమే మీ అక్కను మట్టికి అప్పగించాం. ఆపొద్దన్నది నేనే, ఇమాం గారు కాదు. ఆయన్ను ఏమీ అనకు.

ఆ మాట చెప్పడానికి నువ్వెవరు అంటావేమో. పోయినేడు మీ అక్క ఇమాం గారిని మా గదికి పిలిపించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, తన తరవాతి పనులు నేను చెప్పినట్టు జరగాలని అడిగింది. ఈవిడకు మన పద్ధతులు తెలియవు కదమ్మా అని ఆయన నసిగారు. తెలియకపోతే చెప్పడానికి మీరున్నారు అంది మీ అక్క. ఆయన సరేనన్నారు. ఆవిడ ఒక మాట అన్నాక ఎదురు మాట్లాడినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు.

చివరి స్నానం చేయించడానికి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. గుసుల్ అంటారట, నీకు నేను చెప్పాలా. వాళ్ళలో పెద్దావిడ ఉంది చూడు, ఆవిడ పని చూస్తుంటే చేతులెత్తి మొక్కాలనిపించింది. వస్తూనే కిటికీలు మూయించింది, మగవాళ్ళను వీధి చివరికి పంపించింది, తెర కట్టించింది. గోరువెచ్చని నీళ్ళు కావాలంటే నేను కాచి ఇచ్చాను. తన మోచేతి మీద పోసి చూసుకుని, "కాస్త చల్లార్చమ్మా, ఆమెకు వేడి తగలకూడదు" అంది. పోయిన మనిషికి వేడి తగలకూడదట. అప్పటిదాకా రాయిలా ఉన్నదాన్ని, అక్కడ ఏడ్చేశాను.

నేను తెర దాటి లోపలికి వెళ్ళలేదు. ఇవతల ఉండి నీళ్ళు అందించాను. ఒంటి మీద గుడ్డ కప్పి ఉంచి, దాని కిందనుంచే, కుడివైపు మొదలుపెట్టి కడిగారని తరవాత చెప్పారు. ఆఖరి నీళ్ళలో కర్పూరం కలిపారు. ఇద్దరూ లోపల మాట్లాడుకున్న మాటలు కూడా నెమ్మది మాటలే. చంటిపిల్లకు నీళ్ళు పోసేటప్పుడు కూడా మనం అంత జాగ్రత్తగా ఉండం.

ఇంక నా ఘనకార్యం విను. ఐదు ముక్కల తెల్లబట్ట కావాలన్నారు. మంచి నూలు బట్ట తెచ్చి, కొలతలు అడిగి నేనే కత్తిరించాను. మీ అక్క ఉండగా నేను కత్తెర ముట్టింది లేదు. రెండుసార్లు గీత తప్పింది. కత్తిరించాక అంచున పోగులు లేస్తున్నాయి. అలా పోగులు లేస్తుంటే చూస్తూ కూర్చోవడం నా వల్ల అవుతుందా? అన్నిటికంటే పెద్ద ముక్క తీసుకుని, మిషను ముందు కూర్చుని, చుట్టూ సన్నగా అంచు మడిచి కుట్టేశాను. నా జన్మలో అంత తిన్నగా ఎన్నడూ కుట్టలేదు.

పెద్దావిడ బయటికి వచ్చి ఆ అంచును వేళ్ళతో తడిమింది. తరవాత నా మొహంలోకి చూసింది.

"చాలా బాగా కుట్టావమ్మా. కానీ దీనికి కుట్టు ఉండదు" అంది.

కసరలేదు, విసుక్కోలేదు. వేరే బట్ట తెప్పిస్తానంటే వద్దంది, నా పక్కనే కింద కూర్చుంది. ఇద్దరం చెరో వైపు నుంచి ఒక్కొక్క కుట్టే విప్పుకుంటూ వచ్చాం. అంతసేపూ ఆవిడ నన్ను మీ అక్క గురించి అడుగుతూనే ఉంది. ఏం ఇష్టం, కోపం వస్తే ఏం చేసేది, నవ్వితే ఎలా ఉండేది అని. నా మనసు కుదుటపడ్డాకే లేచింది.

నమాజు చదివి తీసుకెళ్ళారు. పక్కకొట్లో ఇస్త్రీ ఆయన కూడా భుజం పట్టాడు. ఆడమనిషి కాబట్టి గుంత మీద దుప్పటి అడ్డం పట్టి దించారని, కుడిపక్కకు తిప్పి మొహం కిబ్లా వైపు, మీరు నమాజు చేసే దిక్కుకు, పెట్టారని, తలా మూడు గుప్పెళ్ళ మట్టి వేశారని ఆయనే వచ్చి చెప్పాడు. కబురు తెలిసి మీరు దారిలోనే దిగి వెనక్కి వెళ్ళిపోయారట. నీ మనసు ఎంత కష్టపడిందో నాకు తెలియనిది కాదు. నాలుగు తిట్టినా పడతాను, జవాబు మాత్రం రాయి.

ఇట్లు,
కుట్టమ్మ


బడి ఎదురింటి నుంచి,
బుధవారం.

కుట్టుపని చేసే అమ్మగారికి,

మీ ఉత్తరం అందింది. మీరు ఎంత తిన్నగా కుట్టారో, ఎంత ఓపిగ్గా విప్పారో చదివాను. నాకు కావలసింది అది కాదు.

ఆమె నాకు ఒక్కతే అక్క. అమ్మ పోయాక నాకు జడ వేసింది ఆమె, బడికి పంపింది ఆమె, నేను టీచరునయ్యే దాకా తన పెళ్ళి మాట ఎత్తనివ్వనిది ఆమె. నాకు జ్వరం వస్తే తను పస్తుండేది. అలాంటి మనిషి మొహం ఆఖరిసారి చూసుకుందామని రైల్లో కూర్చున్నాను. మీకు ఒక రాత్రి, ఒక పగలు ఆగడానికి మనసు రాలేదు. ఆసుపత్రిలో చల్లపెట్టెలు ఉంటాయి. అడిగితే ఇస్తారు. ఆ సంగతి ఎరగని మనిషి కాదు మీరు.

మీకూ మాకూ రక్తసంబంధం లేదు. మీది మా మతమూ కాదు. మా అక్క మీకు ఒక మాట చెప్పిందంటున్నారు, చెప్పే ఉంటుంది. ఆ మాట పట్టుకుని మీరు చేసిన పని నన్ను ఆమెకు దూరంగా ఉంచడం.

ఎందుకు ఆపలేదో ఒక్క వాక్యం రాయలేదు మీరు. జవాబు మాత్రం రాసి, అది ఎలా వచ్చిందో చూపించని పిల్లలకు నేను ఎప్పుడూ మార్కులు వేయలేదు.

ఇక రాయనక్కర్లేదు.


కుట్టుగది నుంచి,
ఆదివారం.

టీచరమ్మా,

రాయనక్కర్లేదన్నావు. బడిలో ఉన్నప్పుడే నేను టీచర్ల మాట విన్న పాపాన పోలేదు, ఇప్పుడేం వింటాను.

నీ ఉత్తరం చదివి నాకూ ఒళ్ళు మండింది. రెండు రోజులు మూతి ముడుచుకుని మిషను తొక్కాను. ఒకావిడ లంగాకు నడుం పట్టీ తిరగేసి కుట్టాను. ఆవిడ వచ్చి గొడవ పెట్టుకుంది, నేనూ గట్టిగానే పెట్టుకున్నాను. అంతా అయ్యాక, అక్క కోసం ఏడుస్తున్న మనిషి మీద నాకు కోపమేమిటి అనిపించింది.

చల్లపెట్టె సంగతి నాకు తెలుసు. మీ అక్కకూ తెలుసు. అందుకే ఒకరోజు కత్తిరింపు బల్ల దగ్గర నిలబడి నాతో స్పష్టంగా చెప్పింది, తనను పెట్టెలో పెట్టొద్దని, తొందరగా పంపించడం తమ పద్ధతని, ఎవరి కోసమూ ఆపొద్దని. మరి చెల్లెలు వస్తానంటే అని అడిగాను. చేతిలో సుద్ద చాలాసేపు అటూ ఇటూ తిప్పింది.

"దానికోసం అసలే ఆపకు" అంది.

ఎందుకని అడిగాను. ఎందుకో కూడా చెప్పింది. అది నీకు రాయను. అది నాకు దాచమని ఇచ్చింది, పంచమని కాదు. దీనికి మార్కులు వేయకపోతే వేయకు.

ఇలా నోరు కట్టుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు, నన్నెరిగినవాళ్ళు ఎవరైనా చెప్తారు. ఆ స్నానం చేయించిన పెద్దావిడ దగ్గర నేర్చుకున్నాను. అన్నీ అయ్యాక ఆవిడ చెయ్యి పట్టుకుని, ఎలా ఉందమ్మా మా కత్తెరమ్మ అని అడిగాను. మొహం వెలుగుతోంది అంది. ఇంకా ఏదైనా చెబుతుందేమోనని నిలబడ్డాను. స్నానం చేయించినవాళ్ళు మంచి ఒక్కటే బయటికి తేవాలి, మిగతాదంతా తెర అవతలే వదిలేసి రావాలి అంది. ఈ వీధిలో ఎందరు ఆడవాళ్ళకు ఆవిడ ఆ పని చేసి ఉంటుంది. ఒక్కరి గుట్టు కూడా ఆవిడ నోటి నుంచి బయటపడలేదట. నాలాంటి వాగుడుకాయకు అది ఎంత గొప్పగా కనిపించిందో చెప్పలేను.

ఇంకో సంగతి అడగాలి. మీ అక్కను పెట్టిన ఖబరస్తాన్ గేటు దాకా వెళ్ళి వచ్చాను, ఒక్కసారి కాదు. లోపల అడుగు పెట్టలేదు. నాలాంటిది వెళ్ళొచ్చో లేదో, వెళితే ఎక్కడ నిలబడాలో, చెప్పులు ఏం చేయాలో, ఏమైనా పట్టుకెళ్ళాలో తెలియదు. ఒకసారి తెలియక అంచు కుట్టాను, రెండోసారి తెలియక ఇంకేదో చేస్తానని భయం. ఇమాం గారిని అడగాలంటే మొహమాటం. నీ కోపం నీ దగ్గరే ఉంచుకో. ఇది మాత్రం చెప్పు. నేను వెళ్ళొచ్చా?

ఇట్లు,
కుట్టమ్మ


బడి ఎదురింటి నుంచి,
శుక్రవారం.

కుట్టక్కకు,

మీ ఉత్తరం బల్ల సొరుగులో పడేశాను. తీశాను, మళ్ళీ పడేశాను. నెల గడిచిపోయింది.

ఈలోగా మా ఇమాం గారి దగ్గరికి వెళ్ళాను. మీ మీద ఫిర్యాదు చేద్దామనే వెళ్ళాను, అబద్ధమెందుకు. మొత్తం విని ఆయన, తొందరగా పంపమన్నది మన పద్ధతేనమ్మా అన్నారు. దగ్గరివాళ్ళ కోసం కాసేపు చూడటంలో తప్పులేదు గానీ, పోయినావిడే వద్దన్నాక ఇంక మాటేముంది అన్నారు. "నువ్వు ఆపమన్నావు, ఆవిడ మీ అక్క మాట నిలబెట్టింది" అని కూడా అన్నారు. చెవి మిషను పెట్టుకుని వెళ్ళినందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

కోపం పోయిందని కాదు. కానీ మీరు గేటు దాకా వెళ్ళి వెనక్కి వస్తున్నారన్న మాట చదివాక నాకు అన్నం సహించలేదు.

వెళ్ళండి. ఆడవాళ్ళు వెళ్ళడం గురించి మాలోనే రెండు రకాల మాటలున్నాయి. మా ఇంట్లో మాత్రం వెళతాం, నెమ్మదిగా, గట్టి ఏడుపులు లేకుండా. మీ ఇమాం గారితో ఒక మాట అని వెళ్ళండి. ఒళ్ళు నిండా బట్ట, తల మీద కొంగు ఉంటే చాలు. చెప్పుల సంగతి అక్కడి కాపలా ఆయన్ను అడగండి, ఒక్కోచోట ఒక్కో అలవాటు. సమాధి మీద కాలు పడకూడదు, దాని మీద కూర్చోకూడదు. దగ్గరిదారి అని మధ్యలోంచి దాటకుండా చుట్టూ తిరిగి వెళ్ళాలి. అక్కడ ఫోను బయటికి తీయకండి. ఏమీ పట్టుకెళ్ళనక్కర్లేదు.

లోపల అడుగు పెట్టగానే మేం అక్కడున్న అందరికీ సలాం చెప్తాం, మన మనిషి ఒక్కరికే కాదు. మీరు మీ మాటల్లో చెప్పండి. అక్క కోసం ఏదైనా అడగాలనిపిస్తే దేవుణ్ణి అడగండి, ఆమెను కాదు. మనం అడిగిపెడితే తీసుకునే వంతు ఇప్పుడు ఆమెది.

నా సలాం కూడా చెప్పండి.

ఒక్కటి అడుగుతాను. నాకు రాసిన ప్రతి ఉత్తరంలో బాగున్నాను, ఒళ్ళు కూడా వచ్చింది అని రాసేది. నిజంగా బాగుందా?


కుట్టుగది నుంచి,
సోమవారం.

చెల్లెమ్మా,

వెళ్ళాను.

ముందు ఇమాం గారి దగ్గరికి పోయి నీళ్ళు నములుతూ సంగతి చెప్పాను. ఆయన నవ్వారు. ఎవరో ఒకావిడ వచ్చి ఇనుప గేటును కాసేపు చూసి వెళ్ళిపోతోందని కాపలా ఆయన చెబుతున్నాడట, అది మీరేనా అన్నారు. ఆయనే నాతోపాటు గేటు దాకా వచ్చి, కాపలా ఆయనకు అప్పజెప్పి వెళ్ళారు. గేటు పక్క చెప్పులు విడవమన్నారు, విడిచాను.

నేనేదో భయంకరంగా ఉంటుందనుకున్నాను. ఊడ్చి నీళ్ళు చల్లిన వాకిలిలా ఉంది. కాపలా ఆయన చీపురు పట్టుకుని ముందు నడుస్తూ, ఎక్కడ కాలు పెట్టాలో చీపురుతోనే చూపించాడు. సమాధుల మధ్య సన్నటి దారి. నా ఒళ్ళు నీకు తెలుసుగా, ఒక్కోచోట పక్కకు తిరిగి ఊపిరి బిగబట్టి నడిచాను. అన్నీ మట్టి దిబ్బలే, జానెడు ఎత్తు. మా వీధిలో మూడంతస్తుల ఇల్లుగలాయనదీ అంతే, కూరలమ్మే ఆవిడదీ అంతే. మనుషులందరికీ ఒకే కొలత తీసినవాళ్ళను నేను మొదటిసారి చూశాను. నాకు భలే నచ్చింది.

గేటు దాటగానే అందరికీ నమస్కారం, నేను కత్తెరమ్మ మనిషిని అని చెప్పాను. ఎవరూ వద్దనలేదు.

మీ అక్క గోడ పక్కన ఉంది, వేపచెట్టు నీడ పడుతుంది. తలాపున చిన్న రాయి, అంతే. ఎండ తగలని చోటని నేను సంతోషపడితే, వరసలో వచ్చిన చోటే ఇది, ఏరి ఇచ్చింది కాదు అన్నాడు కాపలా ఆయన. అలాగైతే ఇంకా మంచిది. ఏరి ఇస్తే మీ అక్క ఒప్పుకునేది కాదు, ఎవరి వంతు వాళ్ళకు రావాలి అనేది.

దేవుణ్ణి అడగమన్నావు. ఆయన్ను ఏదైనా అడిగే అలవాటు నాకు తక్కువ. అయినా అడిగాను. ఈవిడ జీవితమంతా ఒకరి ఒంటికి ఏం నప్పుతుందో చూసింది, ఇప్పుడు ఈవిడకు ఏం నప్పుతుందో నువ్వు చూడు అన్నాను. అలా అడగొచ్చో లేదో నాకు తెలియదు, తప్పయితే దిద్దు. నీ సలాం కూడా చెప్పాను. తిరిగి వచ్చేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకుని చప్పుడు లేకుండా ఏడ్చాను. కాపలా ఆయన చూసీ చూడనట్టు ఊడ్చుకుంటూ ఉండిపోయాడు. ఎంత మర్యాద తెలిసిన మనుషులు ఉన్నారమ్మా ఆ గోడ లోపల.

నిజంగా బాగుందా అని అడిగావు. మొహం వెలుగుతోందని పెద్దావిడ అంది. నాదీ అదే మాట.

ఒకసారి రా. నా దగ్గరే ఉందువుగాని. మీ అక్క బట్టల పెట్టె నేను తెరవలేదు. అది నీది.

ఇట్లు,
కుట్టమ్మ


బడి ఎదురింటి నుంచి,
గురువారం.

అక్కా,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన మూటలో సగం రైల్లోనే పంచేశాను, అంత ఎవరు తింటారు. నాలుగు రోజులు నీ గురక వినపడకపోవడం మాత్రం నా చెవులు నాకు చేసిన మేలు.

ఖబరస్తాన్‌లో నువ్వు ముందు నడిచి, "ఇటు, ఇటు, అక్కడ కాలు పెట్టకు" అని నాకు చెబుతుంటే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నేను రాసిపంపిన జాగ్రత్తలన్నీ నాకే తిరిగి చెప్పావు. అక్క దగ్గర నిలబడి, చేతులు చాచి ఆమె కోసం దుఆ చేస్తున్నంతసేపూ నువ్వు నాలుగడుగులు వెనక్కి వెళ్ళి తల వంచుకుని నిలబడ్డావు. నిన్ను వెళ్ళమని నేను అనలేదు. నీకే తోచింది. కాపలా ఆయన నన్ను కత్తెరమ్మ చెల్లెలా అని అడిగి, నీ వైపు చూపించి, ఈవిడా అంతేగా అన్నాడు. నేను అవునన్నాను.

నువ్వు బయట ఎవరితోనో చేతుల కొలత గురించి గొడవ పడుతున్నప్పుడు నేను ఆ పెట్టె తెరిచాను. పైన అక్క జాకెట్లు ఉన్నాయి. వాసన చూద్దామని ఒకటి తీసి ఊరికే తిరగేశాను. పక్క కుట్టు ఉంది. దాని లోపల ఇంకో కుట్టు, దాని లోపల మరొకటి. ఇంకో జాకెట్టు తీశాను, అదీ అంతే. అడుగున ఉన్న పసుపు జాకెట్టు మా బడిలో ఏడో తరగతి పిల్లకు పడుతుంది. పైకి చూస్తే ఒక్క ముడత లేదు, కుట్టు మీద కుట్టు వేసినట్టే తెలియదు. అన్నీ నీ చేతి కుట్లు.

అప్పుడు తెలిసింది. ఒళ్ళు వచ్చిందని నాకు రాస్తూ ఆమె ఏ జబ్బుతోనో లోపల ఎలా కరిగిపోయిందో, నాకోసం అసలే ఆపొద్దని ఎందుకందో. నన్ను పెంచిన మనిషి, నా కళ్ళలో తను ఎలా ఉందో అలాగే ఉండిపోవాలనుకుంది. ఆమె అలా ఉండేలా నువ్వు వారం వారం పక్కలు బిగించి, వీధిలో నలుగురి ముందూ తల ఎత్తుకుని తిరిగేలా చేశావు. ఎవరికీ చెప్పలేదు. నేను నోటికొచ్చినట్టు రాసినా, నీ మీద మాట పడనిచ్చావు గానీ ఆమె మీద జాలి పడనివ్వలేదు. అక్కా, నీకూ మాకూ రక్తసంబంధం లేదన్నాను చూడు, ఆ ఉత్తరం చించెయ్యి.

నువ్వు లోపలికి వచ్చి ఏం చూస్తున్నావని అడిగావు. ఏం లేదన్నాను. ఆ పెద్దావిడ ఎవరికీ చెప్పదు, నువ్వు నాకు చెప్పవు, నేనూ ఇంక ఎవరికీ చెప్పను. నీకు ఈ ఒక్కసారి రాస్తున్నాను, అంతే.

ఇంటికి రాగానే మా అబ్బాయిని కూర్చోబెట్టి నా సంగతి చెప్పాను. వాడికి ఇలాంటి మాటలు గిట్టవు, లేచిపోబోయాడు, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. నా రోజు వచ్చినప్పుడు ముందు కబురు నీకే వెళ్ళాలని, తెల్లబట్ట నీ చేత కత్తిరించుకోవాలని నాకు ఆశ అని చెప్పాను.

"ఆవిడ దారిలో ఉంటేనో?" అని అడిగాడు.

"ఆవిడ కోసం కూడా ఆపకు. ఆవిడకు తెలుస్తుంది" అన్నాను.

నీ చెల్లెలు